తిరుపతి ట్రావెల్స్ ఆయన మాకు రాసిచ్చిన హనీమూన్

ముందే చెప్పేస్తా, ఇది యూరప్ యాత్ర గురించి కాదు, ఆ యాత్రకి ముందు తిరుపతికీ చెన్నైకీ మధ్య మేం పడిన తిప్పల గురించి. అసలు ప్రయాణం వచ్చే నెల్లో. విమానం ఎక్కకముందే మా ఇద్దరికి యాభై వేల చిల్లర అయిపోయింది, అందులో ఆరు వేలు ఊరికే పోయినాయి, ఆ ఆరు వేల మంటకే ఇది రాస్తా ఉండాను.

మేము నలుగురం. నేను, మా ఆవిడ, చిత్తూరులో ఉండే మా తోడల్లుడు, మా మరదలు. రిటైరైనాక ఒక్కసారే పెద్ద తిరుగుడు తిరిగి వచ్చేద్దామని ప్లాను. మొదట కజకిస్తాన్ లో ఆల్మాటీ, ఆ తర్వాత ఉజ్బెకిస్తాన్, జార్జియా, టర్కీ, గ్రీసు, ఇటలీ, చివరికి ఆస్ట్రియాలో వియన్నా, మొత్తం 45 రాత్రులు. మ్యాపు మీద గీత గీసినట్టు దగ్గర్నించి దూరానికి పోతామని ఈ వరస మా తోడల్లుడే వేసినాడు. ఆయన చిత్తూరు నించి వేలూరు పోయినా మ్యాపు చూసే పోతాడు.

పాస్‌పోర్టులతో మొదలైంది. మావి 2016లో తీసుకున్నవి, అబ్బాయి దగ్గరికి పోతామని తీసుకుని పోనేలేదు. షెంజెన్ అంటే ఒకే వీసా మీద తిరగనిచ్చే యూరప్ దేశాల జట్టు, మా వరసలో గ్రీసు, ఇటలీ, ఆస్ట్రియా అందులోవే. వాళ్ళకి రెండు లెక్కలుండాయి, పాస్‌పోర్టు ఇచ్చి పదేళ్ళు దాటి ఉండకూడదు, మనం ఆడ్నించి బయటికొచ్చే రోజు తర్వాత ఇంకా మూడు నెలలు చెల్లాల. మావి అంచు మీద ఉండాయి కాబట్టి రెన్యూవల్ పెట్టేసినాం. తిరుపతి పాస్‌పోర్ట్ సేవా కేంద్రంలో పని గంటన్నరలో అయిపోయింది, 60 పేజీల బుక్కుకి మనిషికి రూ.2000, పోలీసాయన ఇంటికొచ్చి సంతకం పెట్టించుకుని మజ్జిగ తాగి పోయినాడు. అంతే, చెప్పుకోడానికి ఇంకేం లేదు.

ఒక్క మాట మాత్రం చెప్పాల. మా ఆవిడ పాత పాస్‌పోర్టులో ఇంటిపేరు గడి ఖాళీ, పేరంతా ఒకే గడిలో కుక్కేసి ఉన్నింది. మన తెలుగోళ్ళలో సగం మందికి ఇదే. ఇంటిపేరు ఇనీషియల్ గా బతికేస్తాం కదా. 2022 నవంబరు నించి ఒకటే పేరున్న పాస్‌పోర్టుకి దుబాయి వాళ్ళు విజిట్ వీసా ఇవ్వడం లేదు, టికెట్లు బుక్ చేసేటప్పుడు కూడా లాస్ట్ నేమ్ గడిలో ఏం కొట్టాలో తెలీక తన్నులాట. రెన్యూవల్ లోనే ఇంటిపేరు విడదీసి రాయించేసినాం. మీది కూడా అట్లుంటే టికెట్లు కొనకముందే చేయించుకోండి.

ఇంక అసలు కథ. బైపాస్ రోడ్డులో ఒక ట్రావెల్స్ ఆఫీసు, పేరు రాయను. ఏసీ గది, గోడ మీద ఈఫిల్ టవర్ బొమ్మ, దాని కింద శ్రీవారి పటం. "మీరేం చూసుకోవద్దు సామీ, అన్నీ మేం చూసుకుంటాం, మీరు వేలిముద్రలకి పోయొస్తే చాలు" అన్నాడు. మనిషికి రూ.18,500 అన్నాడు, ఫీజులతో కలిపి. నలుగురికీ కలిపి రూ.20,000 అడ్వాన్స్ ఇచ్చినాం. జార్జియా, టర్కీలకి ఏం చెయ్యాలని అడిగితే "షెంజెన్ ఉంటే అవి దానిమీదే అయిపోతాయి" అని ఫోను ఎత్తుకున్నాడు.

ఆయన చెప్పింది అబద్ధం కాదు. ఇండియా పాస్‌పోర్టు మీద చెల్లే షెంజెన్ వీసా ఉంటే జార్జియాలోకి వీసా లేకుండా పోవచ్చు, టర్కీ ఈ-వీసా 30 రోజులకి ఆన్‌లైన్ లో ఇచ్చేస్తుంది. కానీ చెల్లే అన్న మాట దగ్గరే ఉంది తిరకాసు. మా వరసలో జార్జియా, టర్కీ ముందు, గ్రీసు తర్వాత. షెంజెన్ వీసా మనం యూరప్ లో దిగుతామని రాసిన తేదీ నించి మొదలయ్యేట్టు ఇస్తారు, మేము జార్జియా రాజధాని టిబిలిసీలో దిగే రోజుకి అది పాస్‌పోర్టులో అంటించిన కాగితమే, ఇంకా ప్రాణం రాలేదు. ఈ సంగతి నాకు రాత్రి పదకొండుకి పడుకునేటప్పుడు తట్టింది, లేచి కూచున్నా. పొద్దున పోయి అడిగితే ఆయన నా మొహం చూసి, గోడ మీద ఈఫిల్ టవర్ ని చూసి, "అట్ల ఎవురూ అడగరు సార్" అన్నాడు.

అందరం కూచుని వరస తిరగేసినాం. వియన్నా 3 రాత్రులు, ఇటలీ 10, గ్రీసు 6, ఆడ్నించి టర్కీ 8, జార్జియా 7, ఉజ్బెకిస్తాన్ 7, చివర్లో ఆల్మాటీ 4. తోడల్లుడికి మ్యాపు పాడైపోయిందని రెండ్రోజులు మొహం మాడిపోయింది. మల్టిపుల్ ఎంట్రీ, అంటే ఒక్కసారికే కాకుండా మళ్ళా మళ్ళా పోయి రాగలిగే వీసా అడగాలని, టర్కీ జార్జియా అయ్యేదాకా వీసా చెల్లేట్టు కారణం అర్జీతో పెట్టే కవరింగ్ లెటర్లో రాయాలని ట్రావెల్స్ ఆయనకి కాగితం మీద రాసిచ్చినా. సరే సరే అన్నాడు.

అపాయింట్‌మెంటుకి రెండ్రోజుల ముందు, రాత్రి 10:40కి, వాట్సాప్ లో 38 పేజీల పీడీఎఫ్ పంపినాడు. ప్రింటు తీసుకుని సంతకాలు పెట్టేయండి అని. బడిపంతులు బుద్ధి కదా, ఎర్ర పెన్ను తీసుకుని మొదటి పేజీ నించి చదవడం మొదలుపెట్టినా.

గ్రీసు 11 రాత్రులు, ఇటలీ 4 రాత్రులు అని ఉంది. మేమెప్పుడూ అడగని శాంటోరిని హోటలు మా పేరు మీద బుక్కయి ఉంది. ఎందుకంటే ఇటలీకి అపాయింట్‌మెంటు దొరకలా, గ్రీసుకి దొరికింది. ఏ దేశంలో ఎక్కువ రోజులుంటామో ఆ దేశం దగ్గరే అప్లై చెయ్యాల, సమానంగా ఉంటే ముందు అడుగుపెట్టే దేశం, ఇది షెంజెన్ లో మొదటి పాఠం. ఈయన పాఠం మార్చలేక మా యాత్రని మార్చేసినాడు. మా ఆవిడ ఉద్యోగం దగ్గర టీచరు అని ఉంది. ఆమె ఒక్కరోజు కూడా బడికి పోలా, టీచరు నేను. బ్యాంకు అకౌంట్లో ఇంకో ఐదు లక్షలు వేసి చూపించండి అని కింద వేరే మెసేజి. అర్జీకి ముందు వారం ఒక్కసారే అంత డబ్బు వచ్చి పడితే చూసేవాడికి అనుమానం రాదా? నా గ్రాట్యుటీ డబ్బు అంతకుముందే పడి ఉంది, దానికి రిటైర్మెంట్ ఆర్డరు జత చేస్తే చాలు.

అన్నిటికన్నా మించింది కవరింగ్ లెటరు. మూడో పేరాలో, నేను నా భార్యతో హనీమూన్ జరుపుకోడానికి మీ అందమైన దేశానికి రావాలనుకుంటున్నాను అని. 1988లో పెళ్ళయిన మనుషులం! ఎవురో కొత్త జంట లెటర్లో పేర్లు మార్చి పంపేసినాడు. నేను కోపంతో వణికిపోతా ఉంటే మా ఆవిడ ఆ పేరా రెండుసార్లు చదివించుకుని, "ఇన్నేళ్ళకి నువ్వు అడగలా, ఆయప్ప అడిగినాడు" అని నిద్రపోయింది.

కింద సంతకం నాది. తప్పు రాతలకి వీసా తిరగ్గొడితే మచ్చ నా పేరు మీద పడుతుంది, ఫీజు వెనక్కి రాదు, రేపు ఇంకో దేశం ఫారంలో ఎప్పుడైనా రిజెక్ట్ అయిందా అన్న గడిలో అవును అని నేనే కొట్టాల. ఆయన మాత్రం ఏసీ గదిలోనే ఉంటాడు. ఆ అపాయింట్‌మెంటు వదిలేసినాం. అడ్వాన్స్ కోసం మూడుసార్లు తిరిగితే రూ.8,000 చేతిలో పెట్టి మిగతాది సర్వీసు అన్నాడు.

తర్వాత అంతా నేనే చేసినా. చేసినాక తెలిసింది, తెలుగు పేపరు చదవగలిగి, ఫారం నింపగలిగినోడికి ఇందులో బ్రహ్మవిద్య లేదు. హోటళ్ళు ఉచితంగా రద్దు చేసుకునేవి బుక్ చెయ్యండి, వీసా రాకముందు విమానం టికెట్లకి పూర్తి డబ్బు కట్టకండి. ఇన్సూరెన్స్ తక్కువలో తక్కువ 30,000 యూరోలకి ఉండాల, షెంజెన్ దేశాలన్నిటికీ చెల్లాల. ఆయన మా ఇద్దరికీ రూ.13,500 చెప్పినది, కంపెనీ దగ్గర నేరుగా కొంటే రూ.7,400. మా ఆవిడకి ఐటీ రిటర్న్ లేదు కాబట్టి ఖర్చు నేను పెట్టుకుంటా అని ఒక లెటరు, దానికి పెళ్ళి సర్టిఫికెట్. అది మాకు లేదు. పాత శుభలేఖ మరదలి పెట్టెలో దొరికింది, పెళ్ళిలో ఉన్నోళ్ళని ముగ్గుర్ని సాక్షులుగా సబ్‌రిజిస్ట్రార్ ఆఫీసుకి తీసకపోయినా. వాళ్ళ టిఫిన్లకే రూ.640 అయింది, రాతకోతలకి ఇంకో రూ.1500.

ఫోటోల దగ్గర మాత్రం ఒక మంచి మనిషి దొరికినాడు. గాంధీ రోడ్డు పక్క సందులో చిన్న స్టూడియో, కుర్రోడు. 35కి 45 మిల్లీమీటర్లు, తెల్ల వెనకతెర, కళ్ళద్దాలు తీసి కూచోబెట్టినాడు. మా మరదలు మొహం మీద మచ్చ తీసెయ్యమంటే, "తీస్తే నాకు రెండు నిమిషాలు అక్కా, కానీ ఆడ కంప్యూటర్ లో మీరు మీరు కాదంటారు" అని తియ్యలా. ఎనిమిది ఫోటోలకి రూ.120. నలుగురికీ చేసి తప్పు ఒక్కటి లేదు.

తప్పు మేం చేసినాం. కొత్త అపాయింట్‌మెంటు, ఈసారి ఇటలీకే, బెంగుళూరులో ఉండే మా పాప రోజూ చూసి చూసి పందొమ్మిదో రోజుకి పట్టింది. అది దొరికిన సంతోషంలో మా తోడల్లుడు కొండకి పోయి కల్యాణకట్టలో గుండు చేయించుకొచ్చినాడు. మొక్కంట! ఫోటోలో జుట్టు, పాస్‌పోర్టులో జుట్టు, మనిషికి గుండు. మా మరదలు రెండు గంటలు ఆయనతో మాట్లాడలా. మళ్ళా అదే కుర్రోడి దగ్గరికి పోయి గుండుతో ఫోటో, ఇంకో రూ.120.

చెన్నైకి ముందురోజే పోయినాం. పొద్దున గరుడాద్రి రైలు ఉందిగానీ అది లేటైతే అపాయింట్‌మెంటు పోతుందని మా ఆవిడ భయం, సరేలే అని ఆర్టీసీ బస్సు ఎక్కి మాధవరంలో దిగినాం, ఆడ్నించి ఆటోకి రూ.480. ఈ జాగ్రత్తే మా కొంప ముంచింది. సెంట్రల్ స్టేషన్ దగ్గర్లో ఆన్‌లైన్ లో బుక్ చేసిన లాడ్జి, గదికి రూ.1,850, ఫోటోల్లో తెల్ల దుప్పట్లు. పోయి చూస్తే దుప్పటి తడి. ఉతికి ఆరలేదంట. ఏసీ నించి నీళ్ళు కారి సరిగ్గా ఫైళ్ళు పెట్టిన బల్ల మీద పడతా ఉండాయి, తోడల్లుడు చూడబట్టి సరిపోయింది, లేకుంటే మూడు నెలల కష్టం ముద్దయిపోయేది. వేడినీళ్ళు ఆరింటికి అన్నారు, ఏడింటికి కూడా రాలా. కిందున్నోడు పాస్‌పోర్టులు మా దగ్గర పెట్టిపోండి అన్నాడు, రేపు వాటి కోసమేరా నాయనా వచ్చింది అని జిరాక్సులు ఇచ్చినా. గది మార్చమంటే ఇంకో రూ.400. రాత్రంతా ఫైళ్ళని తలకింద పెట్టుకుని పడుకున్నా. మీరైతే తిరుపతి నించి తెల్లారుజామున మూడింటికి టాక్సీ మాట్లాడుకోండి, నలుగురికి లాడ్జి, ఆటోల లెక్క చూస్తే పెద్ద తేడా రాదు, నిద్రైనా కార్లో పడుతుంది.

వీసా సెంటర్ లోపల చల్లగా, శుభ్రంగా ఉంది. ఫీజు 90 యూరోలు, 2024 జూన్ నించి ఇదే రేటు, సర్వీసు ఛార్జితో కలిపి మనిషికి రూ.11,500 దాకా అయింది. ఎస్సెమ్మెస్, కొరియర్, లాంజ్ అని ఒక్కొక్కటి అంటించడానికి చూస్తారు, కొరియర్ ఒక్కటి తీసుకోండి, మిగతావి వద్దనండి. మా ఆవిడ వేలిముద్రలు పడలా. నలభై ఏళ్ళు అంట్లు తోమిన వేళ్ళు, ఆధార్ కి కూడా ఇదే గొడవ. కౌంటర్ లో అమ్మాయి విసుక్కోకుండా తడిగుడ్డ ఇచ్చి, అయిదుసార్లు పెట్టించి తీసింది. ఈ ముద్రలు 59 నెలలు వాళ్ళ దగ్గర ఉంటాయి, మళ్ళా పోతే ఇవే వాడుకోవచ్చు. తోడల్లుడి వంతు వచ్చినప్పుడు ఆ అమ్మాయి పాస్‌పోర్టు చూసి, గుండు చూసి, "తిరుపతి మొట్టయా సార్?" అని నవ్వింది. ఆయన తల నిమురుకుని జేబులోంచి ప్రసాదం పొట్లం తియ్యబోతే మా మరదలు చెయ్యి పట్టేసింది.

పదిహేడో రోజు కొరియర్ వచ్చింది. నలుగురికీ మల్టిపుల్, జార్జియా తేదీలు దాటి ఇంకో వారం చెల్లుతుంది. ఆ సాయంత్రమే టర్కీ ఈ-వీసా తీసుకున్నాం. కజకిస్తాన్ కి మనకి 14 రోజుల దాకా వీసా అక్కర్లేదు. ఉజ్బెకిస్తాన్ ది ఒకసారి పోయేదానికి 20 డాలర్లు, కానీ మా తోడల్లుడు తొందరపడి గూగుల్ లో పైన కనిపించిన సైటులో 79 డాలర్లు కట్టేసినాడు. జెండా, రాజముద్ర అన్నీ ఉండాయి, అడ్రసు చివర గవ్ డాట్ యూజెడ్ మాత్రం లేదు. వీసా వచ్చిందిలే, 59 డాలర్లు ఎక్కువ పెట్టి. ఇంట్లో ఎవురూ ఆ మాట ఎత్తకూడదని ఆయన షరతు.

నిన్న ట్రావెల్స్ ఆయన ఫోన్ చేసినాడు. వీసా వచ్చిందంట కదా సార్, శుభాకాంక్షలు అన్నాడు. బాకీ రూ.12,000 గురించేమో అనుకున్నా. "మీరు రాసిన కవరింగ్ లెటర్ ఒకటి పంపిస్తారా, మన కస్టమర్లు ఇంకో ఇద్దరు పెద్దోళ్ళు ఉండారు, పేర్లు మార్చుకుంటాం" అన్నాడు.