ఇంటర్‌లో జాగ్రఫీనా, హిస్టరీనా: ఏది మేలు?

పది పాసై ఆర్ట్స్ వైపు వచ్చే పిల్లలకు వరంగల్, హనుమకొండలో ముందు దొరికేవి సీఈసీ (సివిక్స్, ఎకనామిక్స్, కామర్స్), హెచ్‌ఈసీ (హిస్టరీ, ఎకనామిక్స్, సివిక్స్). జాగ్రఫీ ఉన్న గ్రూపు కావాలంటే కాలేజీలు తిరిగి అడగాలి, అన్నిచోట్లా ఉండదు. అంత తిరగడం దండుగేం కాదు. కాకపోతే ఒక షరతుంది, అది చివర్లో.

పదో తరగతి సోషల్‌లో జాగ్రఫీ అంటే పటంలో నదులు, పర్వతాలు గుర్తించడమే అనిపిస్తుంది. ఇంటర్‌లో అసలు పని కొలవడం, గీయడం. ఉదాహరణకు స్థానిక కాలం, అంటే ఆ ఊరి సూర్యుణ్ణి బట్టి వచ్చే సమయం లెక్క. మన దేశపు గడియారం 82½ డిగ్రీల తూర్పు రేఖాంశం మీద నడుస్తుంది. వరంగల్ ఉన్నది 79½ దరిదాపుల్లో. తేడా 3 డిగ్రీలు, డిగ్రీకి 4 నిమిషాల చొప్పున 12 నిమిషాలు. మనం పడమర ఉన్నాం కాబట్టి తీసేయాలి. గడియారంలో 12 కొడితే మన స్థానిక కాలం 11:48. గుణకారం ఎవరూ తప్పరు, కలపాలా తీసేయాలా అన్న దగ్గరే మార్కులు పోతాయి.

ఇక టోపోషీట్, అంటే నేల ఎత్తుపల్లాలు, చెరువులు, దారులు వివరంగా చూపే పటం. 1:50,000 స్కేలు షీటులో 2 సెంటీమీటర్లంటే నేల మీద ఒక కిలోమీటరు, ఒకే ఎత్తున్న చోట్లను కలిపే కాంటూరు రేఖకూ రేఖకూ మధ్య సాధారణంగా 20 మీటర్ల ఎత్తు. చాలాచోట్ల పిల్లల చేతికొచ్చేది జిరాక్స్. ఏ3 కాగితాన్ని ఏ4కు కుదిస్తే పటం చిన్నదవుతుంది, మూల మీద అచ్చు మాత్రం 1:50,000 అనే ఉంటుంది. ఆ కాపీ మీద 7 సెంటీమీటర్లు కొలిచి మూడున్నర కిలోమీటర్లని రాస్తారు. నిజానికి అది దాదాపు 5. పటం కింద గీసి ఉండే స్కేలు గీత కూడా పటంతోపాటే చిన్నదవుతుంది కాబట్టి దాన్ని నమ్మాలి, అంకెను కాదు.

కాంటూర్లలో ఇంకో తికమక: వంకర తిరిగిన రేఖ లోయా, కొండ నుంచి పొడుచుకొచ్చిన కొమ్మా? వంకర మొన ఎత్తువైపు చూస్తే లోయ, పల్లంవైపు చూస్తే కొమ్మ. మన ప్రాంతపు షీటు చదివేవాళ్లకు దీనికంటే సులువైన గుర్తొకటుంది, చెరువు. కాకతీయుల కాలం నుంచీ ఇక్కడ చెరువు కట్ట పోసేది పల్లంవైపే. నీలం మచ్చకు కట్ట ఏ పక్కనుంటే వాలు ఆ పక్కకు, ఆయకట్టు కూడా అటే. కాంటూరు అంకెలు వెతక్కముందే నేల వాలు తెలిసిపోతుంది. ఇది పట్టుకున్న పిల్లకు గొలుసు చెరువులంటే ఏమిటో మళ్లీ పాఠం చెప్పక్కర్లేదు, పై చెరువు మత్తడి దుంకిన నీళ్లు కింది చెరువులోకి పోయే దారి కాగితం మీదే కనిపిస్తుంది.

హిస్టరీది వేరే పని. చదవాలి, గుర్తుంచుకోవాలి, పొడుగ్గా పొందికగా రాయాలి. తెలుగులో పుస్తకాలు, గైడ్లు కావలసినన్ని. ఉద్యోగ పరీక్షల్లోనూ దానిదే పెద్ద వాటా. గ్రూప్-2లో 150 మార్కుల చొప్పున నాలుగు పేపర్లుంటే రెండో పేపర్లో చరిత్ర ఉంది, నాలుగోది మొత్తం తెలంగాణ ఉద్యమం, రాష్ట్ర ఆవిర్భావం. జాగ్రఫీ మొదటి పేపర్ జనరల్ స్టడీస్‌లో ఒక ముక్క. గ్రూప్-1 మెయిన్స్‌లో రెండూ ఒకే పేపర్లో ఉంటాయి. సివిల్స్‌కైతే ఏదైనా ఆప్షనల్‌గా తీసుకోవచ్చు, 250 మార్కుల పేపర్లు రెండు.

మార్కుల వాటా చూస్తే హిస్టరీయే గెలుస్తుంది. అయినా మా మొగ్గు జాగ్రఫీ వైపే. 1323లో ఓరుగల్లు ఎలా పడిపోయిందో డిగ్రీ అయ్యాక కూడా ఇంట్లో కూర్చుని చదువుకోవచ్చు. అడ్డుకోత, అంటే నేలను నిలువునా కోసి పక్కనుంచి చూసినట్టుండే బొమ్మ, గీయడం అలా రాదు. కాగితం ముక్కను గీత వెంట ఆనించి, ప్రతి కాంటూరు దగ్గరా గుర్తు పెట్టి, గ్రాఫు మీదికి దించడం ఎవరైనా పక్కనుండి సరిదిద్దితేనే వస్తుంది. అడ్డంగా సెంటీమీటరుకు 500 మీటర్లు, నిలువుగా సెంటీమీటరుకు 100 మీటర్లు తీసుకుంటే ఎత్తు ఐదింతలు ఎక్కువ చేసి చూపినట్టే. ఆ మాట కింద రాయకపోతే హనుమకొండ గుట్ట హిమాలయమై కూర్చుంటుంది.

సీబీఎస్ఈలో ఈ చేతిపనికి విలువ ఇంకా ఎక్కువ: ప్లస్ వన్, ప్లస్ టూ జాగ్రఫీలో థియరీ 70, ప్రాక్టికల్ 30. హిస్టరీలో 80, ప్రాజెక్టుకు 20.

జాగ్రఫీ తీసుకుంటే జీఐఎస్ (కంప్యూటర్‌లో పటాలు, వాటి సమాచారం కలిపి చూసే పని) ఉద్యోగం వచ్చేస్తుందన్న మాట మాత్రం నమ్మకండి. హైదరాబాద్ బాలానగర్‌లో ఉపగ్రహ చిత్రాల కేంద్రం ఎన్‌ఆర్‌ఎస్‌సీ, ఉప్పల్‌లో సర్వే ఆఫ్ ఇండియా శిక్షణ సంస్థ ఉన్నది నిజమే. అక్కడిదాకా పోవాలంటే డిగ్రీ, పీజీ, కంప్యూటర్ మీద పటాలు చేసే అలవాటు కావాలి. పటాలు చేసే సాఫ్ట్‌వేర్ క్యూజీఐఎస్ ఉచితం, ఇంటర్ సెలవుల్లోనే మొదలుపెట్టొచ్చు.

గీయడం ఒంటికి పడనివాళ్లు, పొడుగు జవాబులు ఇష్టంగా రాసేవాళ్లు మొహమాటం లేకుండా హిస్టరీలో చేరొచ్చు.

మిగతావాళ్లకు మొదట చెప్పిన షరతు. ఫీజు కట్టేముందు కాలేజీలో జాగ్రఫీ లెక్చరర్ ఉన్నారా, వేరే సబ్జెక్టు వాళ్లతో నెట్టుకొస్తున్నారా అడగండి. తర్వాత పోయినేడాది పిల్లల ప్రాక్టికల్ రికార్డు ఒకటి చూపించమనండి. పెన్సిల్ గీతలు, చెరిపిన మరకలు, ఎర్ర సిరా దిద్దుబాట్లు ఉంటే చేర్చేయండి. పేజీ పేజీకీ ఒకే చేతిరాత, అతికించిన జిరాక్సులు కనిపిస్తే అక్కడ హిస్టరీయే మేలు.