ద్విభాషా బోధనకు టీచర్ల శిక్షణలు: కొన్నేళ్లు వాడి చూశాక

ఆంధ్రప్రదేశ్‌లో 2020-21 నుంచి, తెలంగాణలో 2022-23 నుంచి సర్కారు బడి పిల్లల చేతికి ద్విభాషా పాఠ్యపుస్తకాలు వచ్చాయి. ఒక పేజీలో ఇంగ్లీషు, ఎదురు పేజీలో అదే పాఠం తెలుగులో. మిర్రర్ ఇమేజ్ పుస్తకాలని టీచర్లు పిలిచేవి ఇవే. సైన్సు, లెక్కలకు ఇలాంటి పుస్తకాలు ఉండాలని 2020 జాతీయ విద్యావిధానం కూడా చెప్పింది, టీచరుకు ఏడాదికి 50 గంటల వృత్తి శిక్షణ ఉండాలనీ చెప్పింది. ఆ గంటలు రకరకాల రూపాల్లో దొరుకుతున్నాయి: ఇంగ్లీషు మాట్లాడటంపై తరగతులు, దీక్షాలో (కేంద్రం నడిపే ఆన్‌లైన్ బోధన వేదిక) ఆన్‌లైన్ కోర్సులు, రాష్ట్రం నుంచి మండలం దాకా దిగివచ్చే శిక్షణలు, కాంప్లెక్స్ మీటింగులు (చుట్టుపక్కల బళ్ల టీచర్లు ఒకచోట కలిసేవి). ఒకటి నుంచి ఎనిమిది తరగతులకు లెక్కలు, సైన్సు చెప్పేవాళ్లకు వీటిలో ఏది పనికొస్తుందన్నదే ఈ సమీక్ష.

ముందే చెప్పేస్తే, సరిగ్గా నడిపిన కాంప్లెక్స్ డెమో పాఠమే (ఒక టీచరు పిల్లలకు పాఠం చెబుతుంటే మిగతా టీచర్లు చూడటం) అన్నిటికంటే ఎక్కువ పనికొచ్చింది. అయితే సరిగ్గా నడిపించడమే కష్టం.

ఇంగ్లీషు శిక్షణల సంగతి మొదట. బెరుకు తగ్గించడానికి ఇవి మంచివే. తరగతి గదిలో వాడే యాభై అరవై వాక్యాలు (పుస్తకం తీయండి, జట్లుగా కూర్చోండి, మళ్లీ చెప్పు) నాలుక మీద ఆడేదాకా అనిపిస్తారు, అది నిలుస్తుంది. ఆ తర్వాత టెన్సుల్లోకి, ఆర్టికల్సులోకి వెళ్లిపోతారు. అక్కడే తేడా కొడుతుంది. సైన్సు టీచరుకు కావలసింది వివరించే ఇంగ్లీషు: రెండు వస్తువుల్ని పోల్చడం, కారణం చెప్పడం, ‘ఇలా చేస్తే అలా అవుతుంది’ అనడం, నిర్వచనం ఇవ్వడం. ఈ నాలుగు పనులకు తలా ఐదారు వాక్యాల నమూనాలు ఇచ్చి, ఆ టీచరు వచ్చేవారం చెప్పబోయే పాఠంతోనే సాధన చేయిస్తే చాలు. ఉన్న రోజుల్లో సగంతో సరిపోతుంది.

ఆన్‌లైన్ కోర్సుల్లో నిష్ఠా (కేంద్రం టీచర్లకు పెట్టిన శిక్షణ కార్యక్రమం) ప్రాథమిక అక్షరాస్యత, సంఖ్యాజ్ఞానం కట్టలో 12 కోర్సులున్నాయి. వాటిలో ఒకటి ప్రాథమిక తరగతుల్లో బహుభాషా బోధన మీదే. ఆ ఒక్కటీ తీరిగ్గా చూడదగ్గది. పిల్లల ఇంటి భాషను అడ్డుగా కాక ఆసరాగా చూడమన్న వాదన అందులో బలంగా ఉంది. కాకపోతే దేశమంతటికీ చేసిన కోర్సు కాబట్టి తెలుగు, ఇంగ్లీషు జంటలో ఎక్కడ తడబడతామో చెప్పదు. చివరి క్విజ్‌లో 70 శాతం వస్తేనే సర్టిఫికెట్ అనేసరికి వాట్సాప్ గ్రూపుల్లో జవాబుల పీడీఎఫ్‌లు తిరుగుతాయి, వీడియో పక్క ట్యాబ్‌లో దానంతటది ఆడుతూ ఉంటుంది. ఇద్దరు ముగ్గురు టీచర్లు కలిసి కూర్చుని, వీడియో ఆపి ఆపి, తమ పుస్తకంలోని పాఠం పక్కన పెట్టుకుని చూస్తేనే గిట్టుబాటు.

మెట్లు దిగి వచ్చే శిక్షణ (రాష్ట్ర రిసోర్సు పర్సన్లు, జిల్లా, మండలం, చివరికి టీచరు) గురించి ఎక్కువ చెప్పక్కర్లేదు. ఒక్కో మెట్టు దిగేకొద్దీ రోజులు తగ్గుతాయి, చేసి చూపించిన పని కాస్తా స్లైడు అవుతుంది. మండలానికి వచ్చేసరికి మిగిలేది మాడ్యూలు, టీ, సంతకాల రిజిస్టరు. మాడ్యూలు మాత్రం దాచుకోండి, అందులో పాఠ్యప్రణాళిక నమూనాలు ఉంటాయి.

ఇక డెమో పాఠం. ముందు ఏ పద్ధతిని చూపించాలో చెప్పుకోవాలి. మన తరగతుల్లో అలవాటుగా జరిగేది వాక్యం ఇంగ్లీషులో చదవడం, వెంటనే తెలుగులో చెప్పడం. ఇలా నెల గడిస్తే పిల్లలు ఇంగ్లీషు వాక్యం వచ్చినప్పుడు చెవులు మూసుకుని తెలుగు కోసం ఎదురుచూస్తారు. తెలుగు ఎలాగూ వస్తుందని తెలిశాక ఇంగ్లీషు వినాల్సిన పని వాళ్లకేముంది? అమెరికాలో ద్విభాషా బడులు వాడే ప్రివ్యూ, వ్యూ, రివ్యూ పద్ధతి ఇక్కడ బాగా అతికింది. 40 నిమిషాల పీరియడ్‌లో మొదటి ఎనిమిది నిమిషాలు భావాన్ని తెలుగులో, వస్తువుతోనో బొమ్మతోనో పరిచయం చేయాలి. తర్వాత 20 నిమిషాలు ఇంగ్లీషు పేజీ, బోర్డు మీద ఇంగ్లీషు, అనువాదం లేకుండా. చివరి 12 నిమిషాల్లో పిల్లలు జంటలుగా తెలుగులో మాట్లాడుకుని, ఒక్కో జంట ఒకటి రెండు ఇంగ్లీషు వాక్యాలు చెప్పాలి లేదా రాయాలి. మధ్య 20 నిమిషాల్లో టీచరు నోటికి తెలుగు వచ్చేస్తూనే ఉంటుంది. అప్పుడు సైగ, బొమ్మ, ఉదాహరణ వాడాలి. ముగ్గురు నలుగురు పిల్లలకు అసలే అందలేదని తేలితే ఒక్క వాక్యం తెలుగులో చెప్పి మళ్లీ వెనక్కి రావాలి.

దీనికి తయారీ ముందురోజు అరగంట పని. రెండు పేజీలూ టీచరే చదవాలి. అనువాదం కుదరని చోట పెన్సిలుతో గీత పెట్టాలి. కొత్త పదాలు ఐదారుకు మించకూడదు, పది పెడితే ఒక్కటీ నిలవదు. పిల్లలు వాడాల్సిన వాక్య చట్రాలు మూడు చార్టు మీద రాసి తగిలించాలి. తెలుగు పేజీ సులువన్న భ్రమ కూడా వదలాలి. ‘బాష్పోత్సేకం’ (ట్రాన్స్‌పిరేషన్, మొక్క ఆకుల నుంచి నీరు ఆవిరై పోవడం) పిల్లాడికి ఏ భాషలో చెప్పినా కొత్తే. పాలిథిన్ కవరు మొక్కకు కట్టి, లోపల చేరిన నీటి బొట్లు చూపించాకే రెండు పదాలూ ఇవ్వాలి.

మీటింగులో మొదటి పని డెమోనే అయి ఉండాలి. సర్క్యులర్లు, యాప్ ఎంట్రీల చర్చ ముందు పెడితే డెమోకు పది నిమిషాలు మిగులుతాయి, అదీ పిల్లలు లేకుండా. చూసేవాళ్లు గది వెనకాల వరసగా కుర్చీలేసుకుంటే వాళ్లకు కనిపించేది టీచరు మాత్రమే. తలా ముగ్గురు పిల్లల పక్కన కూర్చోవాలి. చేతిలో ఒక తెల్ల కాగితం, నాలుగు గడులు: టీచరు తెలుగు, టీచరు ఇంగ్లీషు, పిల్లల తెలుగు, పిల్లల ఇంగ్లీషు. రెండు నిమిషాలకోసారి ఆ క్షణంలో ఎవరు ఏ భాషలో మాట్లాడుతున్నారో ఆ గడిలో ఒక గీత. పిల్లల ఇంగ్లీషు ఒక్క పదమా, వాక్యమా అన్నది పక్కన గుర్తు పెట్టాలి. 40 నిమిషాలకు ఇరవై గీతలొస్తాయి. పాఠం అద్భుతంగా ఉందన్న డెమోల్లో కూడా ‘పిల్లల ఇంగ్లీషు’ గడి దాదాపు ఖాళీగా ఉండటం మామూలే. ఆ కాగితం ముందుంటే ‘బాగా చెప్పారు మేడం’ అనే మర్యాదకు చోటుండదు, మాట పిల్లల మీదికి వెళ్తుంది. చర్చలో మొదట పాఠం చెప్పిన టీచరే మాట్లాడాలి, తర్వాతే మిగతావాళ్లు. చురుకైన పిల్లల్ని ముందు వరసకు తెచ్చి, ముందే రిహార్సల్ వేయించిన డెమో చూడటం కంటే ఆ పూట బడిలో ఉండటం నయం.

ఏ శిక్షణలోనూ కనబడని భాగం లెక్కల్లో భాషల వరస. తెలుగులో ‘నాలుగింట మూడు వంతులు’ అంటాం, హారం ముందొస్తుంది. ఇంగ్లీషులో ‘త్రీ ఫోర్త్స్’, లవం ముందు. ఈ రెండింటి మధ్య తిరిగే పిల్లాడు 3/4ను 4/3 అని రాస్తే అది భిన్నాలు రాకపోవడం కాకపోవచ్చు. ‘సబ్‌ట్రాక్ట్ 5 ఫ్రమ్ 12’లో 5 ముందు వినిపిస్తుంది, తెలుగులో 12 ముందు. దాంతో 5 - 12 అని రాసి దిక్కులు చూస్తారు. థర్టీన్, థర్టీ చెవికి ఒకటే, ‘పదమూడు, ముప్పై’ల్లో ఆ ఇబ్బంది లేదు. కాబట్టి ఇంగ్లీషులో అంకెలు డిక్టేషన్ ఇచ్చేటప్పుడు పదమూడు నుంచి పంతొమ్మిది వరకు విడిగా సాధన కావాలి. కొన్ని శిక్షణల్లో ‘మోర్ అంటే కూడిక, లెస్ అంటే తీసివేత’ అని చార్టు తగిలించమంటారు. దయచేసి వద్దు. రవి దగ్గర 12 గోలీలున్నాయి, అవి లత దగ్గరున్న వాటికంటే 5 ఎక్కువ, లత దగ్గర ఎన్ని? చార్టు నమ్మిన పిల్లలు 17 అంటారు. ఇలాంటి వాక్యాలను రెండు పేజీల్లోనూ వెతికి, ఏ సంఖ్య ఎక్కడ వస్తుందో బాణం గీసి కలపడం ఒక కాంప్లెక్స్ మీటింగుకు సరిపడే పని.

మూల్యాంకనంలో భావానికీ భాషకూ మార్కులు విడదీయడం శిక్షణల్లో మాటవరసకే వస్తుంది. స్లిప్ టెస్టు పేపరుపై రెండు గడులు చాలు. తెలుగులో చెప్పినా భావం సరైతే మొదటి గడిలో పూర్తి మార్కులు, ఇంగ్లీషు వాక్యానికి రెండోది. ఇంగ్లీషు ఒక్క ఏడాదిలో రావాలని తొందరపెట్టే తనిఖీలకు కెనడా పరిశోధకుడు జిమ్ కమిన్స్ చెప్పిన లెక్క చూపించాలి. కొత్త భాషలో మామూలు సంభాషణ సుమారు రెండేళ్లలో వస్తుంది, పాఠం చదివి అర్థం చేసుకునే భాషకు ఐదు నుంచి ఏడేళ్లు పడుతుంది. అదీ చుట్టూ ఆ భాషే వినిపించే దేశంలో వేసిన లెక్క.

కోయ, గోండి, సవర, బంజారా మాట్లాడే పిల్లల బళ్లలో పైన చెప్పిన పీరియడ్ నిమిషాల లెక్క పనిచేయదు. అక్కడ పుస్తకంలోని రెండు పేజీలూ పరాయి భాషే. మొదటి ఎనిమిది నిమిషాల్ని పన్నెండు చేసి, ఆ భాష వచ్చిన వలంటీరుతోనో పై తరగతి పిల్లలతోనో వాళ్ల మాటలో నడిపించాలి. గీతల కాగితంలో ఇంకో గడి కలపాలి. ఉమ్మడి రాష్ట్రంలో గిరిజన భాషల బహుభాషా విద్య కార్యక్రమం కోసం తయారైన వాచకాలు కొన్ని బళ్ల బీరువాల్లో ఇంకా ఉన్నాయి. డెమోకు ముందు వాటిని తీయించి, బొమ్మలైనా వాడుకోవచ్చు.