వాయేజర్ 1, యూరోపా క్లిప్పర్: పిల్లలు దేనికోసం ఎదురుచూడాలి?

వాయేజర్ 1, యూరోపా క్లిప్పర్ అనే రెండు నాసా అంతరిక్ష నౌకల్లో దేనిని పిల్లలచేత అనుసరింపజేయాలన్న సందేహం కోనసీమ బడుల్లో సైన్స్ క్లబ్బులు నడిపే ఉపాధ్యాయులకు తరచూ కలుగుతుంది.

ఖర్చు: రెండింటికీ లేదు, నాసా వివరాలను ఉచితంగానే అందిస్తుంది.

శ్రమ: 1977లో బయలుదేరిన వాయేజర్ కెమెరాలను 1990లోనే ఆపివేశారు. కొత్త చిత్రాలు రావు కనుక, 2012లో నక్షత్రాంతర ప్రదేశంలో ప్రవేశించిన ఆ నౌక సంకేతం మనల్ని చేరడానికి 23 గంటలకు పైగా ఎందుకు పడుతుందో ఉపాధ్యాయుడే ఓపికగా బోధపరచాలి. 2024 అక్టోబరులో బయలుదేరిన క్లిప్పర్ మాత్రం 2030 ఏప్రిల్‌లో గురుగ్రహాన్ని చేరి, దాని ఉపగ్రహమైన యూరోపాను 49 సార్లు సమీపించనుంది.

ప్రమాదం: క్లిప్పర్‌కు గురుగ్రహపు వికిరణం (రేడియేషన్). వాయేజర్‌కు ఏటా సుమారు 4 వాట్ల విద్యుత్తు తగ్గుతోంది. అది మూగబోయే రోజు ఎంతో దూరం లేదు.

అయినా నా మనసు వాయేజర్ వైపే మొగ్గుతుంది. 1852లో పూర్తయిన ధవళేశ్వరం ఆనకట్ట ఫలాన్ని కట్టినవారికంటే వారి మునిమనుమలే ఎక్కువగా అనుభవించినట్లు, దాదాపు 40 వేల ఏళ్ల తరువాత గ్లీజా 445 నక్షత్రానికి 1.6 కాంతి సంవత్సరాల దూరంలో సాగిపోయే ఆ నౌకను తలచుకుని ఆశ్చర్యపడే భాగ్యం రాబోయే తరాలదే.

ఆరేడు తరగతుల పిల్లలకు, ఎదుగుతుండగానే ఫలితం చూపే క్లిప్పర్ తగినది. డిగ్రీ విద్యార్థులకూ, తాతామనుమలు కలిసి ఆకాశం చూసే ఇళ్లకూ వాయేజర్.