టీనేజ్ నోయిర్ మిస్టరీ: కథ అయిపోయాక చెప్పించాలా, జరుగుతుండగానా?

1940ల నోయిర్ సినిమాల (నేరం, ద్రోహం చుట్టూ తిరిగే చీకటి కథల) ధోరణిలో టీనేజ్ పాఠకులకు మిస్టరీ రాయాలనుకోగానే వానా, నీడలూ, పొగా గుర్తొస్తాయి. వాటికి తొందరేం లేదు. ముందు తేల్చుకోవాల్సింది కథ ఎవరు, ఎప్పుడు చెబుతున్నారన్నది.

అంతా ముగిశాక కథానాయికే వెనక్కి తిరిగి చెప్పడం ఒక పద్ధతి. 'సన్‌సెట్ బౌలెవార్డ్' (1950)లో అయితే చచ్చిపోయినవాడే చెబుతాడు! 'ఆ రోజు తనకి నా సైకిల్ ఇవ్వకుండా ఉండాల్సింది' అని మొదలుపెడితే చాలు, పాఠకుడికి టెన్షన్ పట్టుకుంటుంది. చిక్కేమిటంటే, చెప్పే మనిషికి దోషి ఎవరో ముందే తెలుసు. తెలిసీ చివరిదాకా దాస్తే మోసం చేసినట్టుంటుంది. పైగా పదహారేళ్ల పిల్ల నోట నడివయసు డిటెక్టివ్ విరక్తి వినిపిస్తే నాకైతే నవ్వొస్తుంది.

జరుగుతుండగానే చెబితే ఆ బాధ లేదు. 'ది మాల్టీస్ ఫాల్కన్' (1941)లో వాయిస్ ఓవర్ ఉండదు. దాదాపు ప్రతి సీన్‌లోనూ డిటెక్టివ్ వెంటే ఉంటాం, అతను చూసినవే చూస్తాం. ఆధారాల విషయంలో ఇది నిజాయితీగల పద్ధతి. స్నేహితుడి ద్రోహం బయటపడినప్పుడు పాఠకుడికీ అదే దెబ్బ తగులుతుంది. కాకపోతే ఏదో చెడు జరగబోతోందన్న బరువు పోయి, మామూలు డిటెక్టివ్ కథ మిగిలే ప్రమాదముంది.

ప్రథమ పురుషలో, అంటే 'ఆమె వెళ్లింది' అన్నట్టు రాయొచ్చు గానీ, ఆ వయసు కోపం, ఉక్రోషం అందులో చల్లారిపోతాయి.

నా ఓటు మొదటి పద్ధతికే, ఒక మార్పుతో. 'డబుల్ ఇన్‌డెమ్నిటీ' (1944)లో హీరో ఏళ్ల తర్వాత తీరిగ్గా గుర్తుచేసుకోడు. తుపాకీ గాయంతో ఆ రాత్రే ఆఫీసుకొచ్చి, తోటి ఉద్యోగిని ఉద్దేశించి డిక్టాఫోన్‌లో, అంటే మాటలు రికార్డు చేసే యంత్రంలో, నేరం ఒప్పుకుంటాడు. గాయం పచ్చిగా ఉంది, వినాల్సిన మనిషి ఫలానా అని తెలుసు. ఈ రెండూ తీసుకోండి. మీ కథలోని అమ్మాయి తాను అనుమానించి దూరం చేసుకున్న స్నేహితుడికి ఒకే రాత్రి వరుసగా వాయిస్ మెసేజ్‌లు పంపుతుంది. దోషి ఎవరో తనకి తెలుసనే అనుకుంటుంది, పేరు కూడా మొదట్లోనే చెప్పేస్తుంది. చెబుతూ చెబుతూ ఒకచోట లెక్క కుదరక ఆగిపోతుంది. అక్కడినుంచి కథ వర్తమానంలో పరిగెడుతుంది, దాపరికం గొడవే ఉండదు.

కష్టమల్లా ఆ కుదరని వివరాన్ని తొలి అధ్యాయాల్లోనే, ఎవరూ ఆగి చూడనంత మామూలుగా పెట్టడంలో ఉంది. చివర్లో తెచ్చి అతికిస్తే మళ్లీ మోసమే.