ఏటిగట్టు మీద ప్లేన్ టేబుల్: చాన్నాళ్లు వాడాక

బీఈడీలో సోషల్ మెథడాలజీ చెప్పేవాళ్లకు ప్లేన్ టేబుల్ (ముక్కాలి స్టాండు మీద కాగితం పరిచి, చోటును చూస్తూ అక్కడే పటం గీసే బల్ల) భాగాల గురించి రాయనక్కర్లేదు. రికార్డులో బొమ్మ వేయించి అసలు వస్తువును బీరువా మీదే ఉంచేయడం చాలాచోట్ల చూశాను. మేం మాత్రం కోనసీమలో ఏళ్ల తరబడి దాన్ని గట్టు మీదికి మోసుకెళ్తున్నాం. నాకు అదంటే అంత ఇష్టం ఎందుకంటే, చోటును కళ్లతో చూస్తుండగానే దాని పటం కాగితం మీదికి వస్తుంది. తప్పు జరిగితే అక్కడే బయటపడుతుంది. మూడో చోటు నుంచి గీసిన గీత, ముందు రెండు గీతలూ కలిసిన చుక్క మీదుగా పోకపోతే ఏదో తేడా ఉన్నట్టే.

మా నేలకు ఇది మరీ అవసరం. ఎత్తుపల్లాలు చూపే 1:50,000 టోపోషీట్‌లో కాంటూర్లు (ఒకే ఎత్తున్న చోట్లను కలిపే గీతలు) మామూలుగా 20 మీటర్లకొకటి వేస్తారు. డెల్టా నేల అంతకంటే పల్లం, కాబట్టి మా షీట్లలో కాంటూరు దాదాపు కనపడదు. కొండ బొమ్మతో పాఠం చెబితే ఇక్కడి పిల్లలకు ఏం పడుతుంది? వాళ్లకు తెలిసిన ఎత్తుపల్లాలు గట్టు, కాలవ, లంక.

పోయినేడాది బ్యాచ్‌ని గోదావరి పాయ వైనతేయ గట్టు మీదికి తీసుకెళ్లాను. గట్టు వెంబడి 200 మీటర్లు టేపుతో కొలిచి, సెంటీమీటరుకు 20 మీటర్ల చొప్పున కాగితం మీద 10 సెంటీమీటర్ల ఆధార రేఖ గీశారు. ఒక చివర బల్ల పెట్టి, ఎదుటి లంక అంచున ఉన్న ఒక్కో కొబ్బరిచెట్టుకూ అలిడేడ్ (గురి చూడ్డానికి సన్నటి చీలిక ఉన్న స్కేలు) గురిపెట్టి గీత లాగారు. బల్లను రెండో చివరికి మార్చి, మొదటి చోట పాతిన రాడ్‌ని చూసి సరిచేసుకుని, మళ్లీ అవే చెట్లకు గీశారు. గీతలు కలిసిన చోటల్లా ఒక చెట్టు. ఎవరూ పడవెక్కలేదు, లంక అంచు మొత్తం కాగితం మీదికి వచ్చేసింది.

ఈ ఏడు కొత్త బ్యాచ్ అదే ఆధార రేఖ మీద, పాత షీటు పరుచుకుని మొదలుపెట్టింది. "వంగిన చెట్టు" అని రాసి ఉన్న గీత మీద అలిడేడ్ పెట్టి చూసిన అమ్మాయి కాసేపు కదల్లేదు. "మేడమ్, ఇక్కడ నీళ్లే కనపడుతున్నాయి" అంది. అందరం ఒకరి తర్వాత ఒకరం ఆ సన్నటి చీలికలోంచి చూశాం. ఆ చెట్టు లేదు, దాని పక్క చెట్టూ లేదు. వరదకు ఒడ్డు కోసుకుపోయింది. మిగిలిన చెట్లతో కొత్త అంచు గీస్తే పాత గీతకూ కొత్త గీతకూ మధ్య పెన్సిల్ మందమంత ఎడం వచ్చింది. స్కేలు లెక్కన నేల మీద సుమారు 14 మీటర్లు. పాత అంచు చెరిపేయాలా అని అడిగితే వద్దన్నాను. రెండు అంచుల పక్కనా సంవత్సరాలు వేశారు. పటం మీద సర్వే సంవత్సరం ఎందుకు వేస్తారో ఏటా చెప్పే పాఠం ఆ రోజు చెప్పాల్సిన పనే పడలేదు.

తప్పు అక్కడే తెలుస్తుంది అన్నాను కదా, అది ఎందుకు జరిగిందో మాత్రం బల్ల చెప్పదు. కాలవ లాకుల దగ్గర ఒకసారి గీతలు ఎంతకీ కలవలేదు. ఇనుప తలుపులు ట్రఫ్ కంపాస్ (బల్లను ఉత్తరానికి సరిచేసుకునే పొడవాటి దిక్సూచి) సూదిని పక్కకు లాగేస్తున్నాయని తేలేసరికి ఎండ నెత్తికెక్కింది. కంపాస్ తీసేసి, వెనకటి స్టేషన్‌ని చూసి బల్ల తిప్పుకుంటే కలిశాయి. కొబ్బరి తోటల్లో అయితే ఇది చేతులెత్తేస్తుంది. నాలుగు చెట్ల అవతల ఏముందో కనపడదు, గురి దేనికి పెడతాం? అక్కడ టేపు, ఫోను జీపీఎస్ పట్టుకుని తిరిగి, తర్వాత కంప్యూటర్లో పటాలు తయారుచేసే క్యూజీఐఎస్‌లో కలుపుకుంటాం. వానాకాలంలో కాగితం చెమ్మకు ఉబ్బుతుంది, కొలతలు నమ్మలేం. అందుకే మేం కోతలయ్యాక, పొద్దున్నే వెళ్తాం.

కొనమంటారా అంటే నా సంగతి చెప్పగలను. మాకు గట్టు నడిచేంత దూరం, బ్యాచ్‌ని చిన్న గుంపులు చేసుకునే వీలూ ఉంది. బల్ల చుట్టూ ఆరుగురు మించి నిలబడితే వెనకవాళ్లు కబుర్లలో పడతారు, కాబట్టి ఒకే బల్లతో పెద్ద క్లాసు నడపాల్సిన వాళ్లకు తీసుకోమని గట్టిగా చెప్పలేను. తీసుకుంటే మాత్రం మామూలు అలిడేడ్ చాలు. టెలిస్కోపిక్ రకం ఖరీదెక్కువ, బడిలో పాఠం చెప్పబోయేవాళ్లకు దాంతో పని లేదు.