సీబీమెమ్ టైమ్‌స్టాంపులు: నాలుగేళ్లు వాడాక

మొన్న బెంగళూరు వైట్‌ఫీల్డ్‌లో మా ల్యాబ్‌కి అనంతపురం నుంచి ఒక కుర్రాడు కొత్తగా చేరాడు. స్క్రీన్ మీద 1,234,567 దగ్గర వేలు పెట్టి "ఒకట్లు, పదులు, వందలు, వేలు..." అని లెక్కపెట్టుకుంటూ, "అక్కా, ఇది ఎన్ని సెకన్లు?" అన్నాడు. నాలుగేళ్ల కిందట నేనూ అక్కడే ఆగిపోయాను.

సీబీమెమ్ (cbmem) కోర్‌బూట్‌తో పాటు వచ్చే చిన్న టూల్. కోర్‌బూట్ అంటే కంప్యూటర్ ఆన్ చేయగానే, లినక్స్ కంటే ముందు నడిచే ఓపెన్ సోర్స్ ఫర్మ్‌వేర్. ఫర్మ్‌వేర్ నడుస్తూ మెమరీలో రాసిపెట్టిన సమయాలను లినక్స్ లేచాక బయటికి తీసి చూపిస్తుంది. దాని లెక్క మీద నాకెప్పుడూ అనుమానం రాలేదు. ఇబ్బందంతా చదవడంలోనే.

చిన్న టీ (-t) ఆప్షన్ ఇస్తే ప్రతి వరసలో ఒక ఐడీ, దాని పేరు, మొదటి నుంచి గడిచిన సమయం, చివర బ్రాకెట్లలో పై వరస నుంచి పట్టిన సమయం కనిపిస్తాయి. అన్నీ మైక్రోసెకన్లే. కామాలు మూడేసి అంకెలకు పడతాయి కాబట్టి లక్షల్లో చదివే మన కళ్లు తడబడతాయి. కానీ ఒక్కసారి అలవాటైతే ఆ కామాలే సాయం చేస్తాయి: పై సంఖ్యలో 1 సెకను, 234 మిల్లీసెకన్లు. కుర్రాడికి అదే చెప్పాను, ఇక వేలు పెట్టి లెక్కపెట్టలేదు.

అసలు లోపం వేరే ఉంది. మనకు కావాల్సింది బ్రాకెట్లలోని తేడా, కన్ను పోయేది పెద్ద సంఖ్య మీదికి. అందుకే నేను పెద్ద టీ (-T) ఆప్షన్ వాడతాను. అందులో కామాలుండవు, మధ్యలో ట్యాబ్‌లే. ఆ తేడా ఉండే మూడో కాలమ్‌ని బట్టి పెద్దది పైకి వచ్చేలా సార్ట్ చేసి పది వరసలు చూస్తే చాలు. ఐడీని బట్టి మాత్రం సార్ట్ చేయకండి. ఐడీలు బూట్ జరిగే వరసలో ఉండవు: ఫర్మ్‌వేర్ తొలి దశ బూట్‌బ్లాక్ మొదలు 11, దాని తర్వాత వచ్చే రోమ్‌స్టేజ్ దశ మొదలు 1.

టూల్ చెప్పనివి రెండున్నాయి. కొత్త ఫర్మ్‌వేర్ ఇమేజ్‌ని బోర్డు మీది ఫ్లాష్ చిప్‌లోకి ఎక్కించాక మొదటి బూట్‌లో మెమరీ ట్రైనింగ్ (ర్యామ్‌కి సరిపడే టైమింగ్‌లు వెతికి పెట్టుకోవడం) జరిగితే, ఐడీ 2కీ 3కీ మధ్య, అంటే ర్యామ్ ఇనిషియలైజేషన్‌కి ముందూ వెనకా, తేడా బాగా పెరుగుతుంది. ఆ ఫలితం ఫ్లాష్‌లో సేవ్ అయితే రెండో బూట్ నుంచి తగ్గుతుంది. ఇది పట్టించుకోక మా టీమ్ రెండు రోజులు మేం మార్చిన కోడ్‌లోనే తప్పు వెతికింది. డెడ్‌లైన్ దగ్గర ఆ టెన్షన్ మామూలుగా లేదు. రెండోది సీరియల్ కన్సోల్, అంటే ఫర్మ్‌వేర్ తన లాగ్‌ని ఒక్కో అక్షరంగా కేబుల్ మీద బయటికి పంపే దారి. 115200 బాడ్ (సెకనుకు అన్ని బిట్లు) వేగం దగ్గర ఒక్కో అక్షరానికి సుమారు 87 మైక్రోసెకన్లు పోతాయి. వెయ్యి అక్షరాల లాగ్ అంటే 87 మిల్లీసెకన్లు. లాగ్ లెవెల్ తగ్గించకుండా కొలిచిన సమయాన్ని నేను నమ్మను.

పెద్ద ఎస్ (-S) ఆప్షన్ ఇవే సమయాలను ఫ్లేమ్‌గ్రాఫ్‌కి, అంటే ఏ దశకు ఎంత సమయం పట్టిందో పట్టీలుగా చూపే బొమ్మకి, పనికొచ్చేలా ఇస్తుంది. మీటింగ్‌లో చూపించడానికి బాగుంటుంది, బెంచ్ దగ్గర నాకు అక్కర రాలేదు.

ఇంకా కావాల్సింది ఒకటే: నిన్నటి బూట్‌నీ ఈరోజు బూట్‌నీ పక్కపక్కన పెట్టి ఏ వరస పెరిగిందో చూడటం. దానికి ఇప్పటికీ నా చిన్న స్క్రిప్టే దిక్కు.