షెడ్డుకు ఎర్తింగ్ చేయించాం, పని బాగుంది

అనంతపురంలో మా ఇంటి వెనక షెడ్డులో క్యారవాన్‌కు కరెంటు పాయింటు పెట్టించాం. ముందు చేసినతను షెడ్డు బోర్డులో న్యూట్రల్‌నీ (కరెంటు తిరిగి వెళ్లే తీగ) ఎర్త్‌నీ (లీకైన కరెంటును నేలలోకి పంపే తీగ) కలిపేసి పోయాడు, బండి తలుపు పట్టుకుంటే చెయ్యి జివ్వుమనేది, పిల్లలున్న ఇల్లు, ఎంత టెన్షనో! ఈసారి వచ్చినాయన మొదట ఆ రెండూ విడదీశాడు. మెయిన్ నుంచి 6 స్క్వేర్ ఎంఎం రాగి కేబులు, విడిగా ఎర్త్ వైరు లాగి, 30 మిల్లీఆంపుల ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే వెంటనే సప్లై ఆపేసే స్విచ్చు) పెట్టి, దాని టెస్ట్ బటన్ నాచేతే నొక్కించాడు, టక్కున పడిపోయింది. ఎర్త్ పైపు దించే గుంతకు మాత్రం సగం రోజు పట్టింది, మన నేల సంగతి తెలిసిందే, రెండడుగులు దిగితే రాయే. బొగ్గు, ఉప్పు పొరలుగా వేసి పైపు దించాక మీటరు పెడితే ఎర్త్ రెసిస్టెన్స్ 3 ఓములు చూపించింది, ఇది ఎంత తక్కువుంటే అంత మంచిది. రెండు రోజులు లేటుగా వచ్చాడు, అదొక్కటే నచ్చలేదు. ఎండాకాలం గుంతలో నీళ్లు పోస్తుండమన్నాడు, పోస్తున్నాం.